నాలుగు చేతుల పిండి

పోయిన వారం రెజీనాను వంటింట్లో, నిలువునా చిరిగిన పిండి ముందు నిలబెట్టి వచ్చేశాం. చిరిగింది పిండే కదా అని కొందరు అనుకుని ఉండవచ్చు. అలా అనుకున్నవాళ్ళకీ, ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకీ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను.

అర్జెంటీనా పల్లె కొలోనియా ఎస్తెర్‌లో ఏటా సెప్టెంబరులో కొత్త సంవత్సరం పండుగ నాడు, దీపాల వేళ దాటగానే, ఊళ్ళోని యూదు కుటుంబాలన్నీ సహకార సంఘం హాల్లో ఒకే బల్ల దగ్గర భోంచేస్తాయి. ఆ భోజనం చివర రెజీనా చేసిన మెంబ్రిషో పళ్ళ స్ట్రూడెల్, పలచని పిండిలో పళ్ళు చుట్టి కాల్చే తీపి, ఉండాల్సిందే. ఇరవై ఏళ్ళ ఆనవాయితీ అది. మాంసం తిన్న పూట పాలు, వెన్న ముట్టకూడదు కాబట్టి ఆ స్ట్రూడెల్ పొరలకు పూసేది కోడికొవ్వు. నిరుడు అందులో వెన్న వచ్చింది. నలభై మందిలో సగం మంది తినేశాక, ఎనభై ఏళ్ళ లైసర్ తాత ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, "ఇందులో పాలున్నాయి" అన్నాడు. ఊరికి కోళ్ళు కోసేదీ, ప్రార్థనలు చదివేదీ, ఏది తినవచ్చో ఏది తినకూడదో చెప్పేదీ ఆయనే. రెజీనా వంట మీద చెయ్యి వేసి భరోసా ఇచ్చిందీ ఆయనే. ఆ రోజు నుంచి వారానికి రెండు రోజులు ఉపవాసం పట్టాడు. అక్కడ చలికాలమైన జూలైలో మంచమెక్కాడు, మళ్ళీ దిగలేదు.

వెలి అని ఎవరూ అనలేదు. మాట్లాడించారు, నవ్వారు, దారిలో పలకరించారు. కానీ రెజీనా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ఒకే గొట్టంతో ఒక నోటి నుంచి ఇంకో నోటికి తిరగాల్సిన మాతే ఆకుల టీ బుర్రను ఏడాది పొడుగునా రెజీనా ఒక్కతే నింపుకుని, ఒక్కతే పీల్చుకుని, ఒక్కతే కడిగి బోర్లించింది.

మొన్న లైసర్ తాత కూతురు ఫాన్యా వచ్చింది. "పోయేముందు నాన్న ఒకటే మాటన్నాడు. వచ్చే పండక్కి రెజీనా స్ట్రూడెల్ బల్ల మీదికి రావాలి అన్నాడు. నాకిష్టమై పిలవడం లేదు, ఆయన మాటని పిలుస్తున్నాను. కొవ్వు మాత్రం నేనే తెచ్చిస్తాను" అంది. రెజీనా ఆ అవమానాన్ని మింగి సరేనంది. మనసులో ఒక లెక్క వేసుకుంది కూడా. ఈ పండుగ రాత్రి జనం తింటే ఊళ్ళో ఉంటుంది. తినకపోతే ఆదివారం రైలెక్కి బ్యూనస్ ఎయిర్స్‌లో పినతల్లి కూతురి కుట్టుమిషన్ల గదికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఈ ఊరి ముఖం చూడదు.

ఇదీ సంగతి. ఇక వంటింట్లోకి రండి.

*

స్ట్రూడెల్ పిండి ఒక్క మనిషి చేతిలో సాగదు. బల్లకు ఇటొకరు, అటొకరు నిలబడి, పిండి కిందికి చేతులు పోనిచ్చి, పిడికిళ్ళ మీద మోస్తూ, మధ్యలోంచి అంచులకు మెల్లగా లాగాలి. బల్లగుడ్డ మీది పువ్వులు పిండిలోంచి కనిపించేదాకా లాగాలి. ఒకరు లాగితే ఇంకొకరు ఆపాలి. రెజీనా అత్తగారు బతికున్నప్పుడు ఆవిడ అటు నిలబడేది. ఆవిడ పోయాక పక్కింటి మల్కా నిలబడింది. నిరుటి దాకా.

ఈ ఏడు అటువైపు మనిషి లేదు. రెజీనా ఆలోచించి ఆలోచించి, పిండి అవతలి అంచు మీద బరువుకు ఇస్త్రీ పెట్టె పెట్టింది. ఇనుముకేం తెలుసు, ఎప్పుడు ఆపాలో ఎప్పుడు వదలాలో! పెట్టె కాస్త జరిగింది, పిండి ఈ చివర నుంచి ఆ చివరకు చిరిగింది.

ఆమె కాసేపు ఆ చిరుగును చూస్తూ నిలబడింది. తర్వాత ఇస్త్రీ పెట్టెను తీసి నేల మీద పెట్టి, "నీ తప్పేం లేదులే" అంది దానితో. ఈ మధ్య వస్తువులతో మాట్లాడడం అలవాటైంది. మొదట్లో తనకే నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

అదృష్టం కొద్దీ రెండో ముద్ద ఉంది. గోరువెచ్చని కుండ బోర్లించి, దాని కింద నాననిచ్చిన ముద్ద. అదే ఆఖరిది, డబ్బాలో పిండి అయిపోయింది, పండుగ పూట కొట్లు మూసేశారు. పొయ్యి మీద మెంబ్రిషో ముక్కలు ఉడికి ఎర్రబడ్డాయి. పచ్చిగా కొరికితే నోరు బిగదీసే ఆ పండు, చక్కెరలో గంట ఉడికితే ఇల్లంతా ఘుమఘుమలాడిస్తుంది. ఏప్రిల్‌లో కాసినవాటిని సీసాల్లో దాచి సెప్టెంబరు దాకా కాపాడింది. ఎవరి కోసం దాస్తున్నావే అని ఏప్రిల్‌లో ఎవరైనా అడిగి ఉంటే జవాబు లేదు. అడగడానికి ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది.

బయట తురకవేపలు పూతకొచ్చాయి. కిటికీలోంచి ఎండ బల్ల మీద సగం దాకా పడింది. పొద్దు అస్తమించడానికి ఇంకా నాలుగు గంటలుంది. ఆ లోపల స్ట్రూడెల్ పొయ్యి దిగాలి. రెండో ముద్దను బల్ల మధ్యన పెట్టి, కర్రతో పలచగా వత్తి, చేతులు కిందికి పోనిచ్చి, ఎవరో ఒకరు ఉంటే బావుణ్ణని పైకే అనేసింది.

పెరటి తలుపు చప్పుడైంది.

మల్కా. తలకు చుట్టిన గుడ్డ ఒక పక్కకు జారి ఉంది. గుమ్మంలోనే నిలబడి లోపలికి చూసింది, బల్లను, పిండిని, కింద ఉన్న ఇస్త్రీ పెట్టెను. ఏడాది తర్వాత ఆ గుమ్మం తొక్కుతున్న మనిషి, నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని, ఉంగరం తీసి కిటికీ మీద పెట్టి, బల్లకు అటువైపు వచ్చి నిలబడింది. పిండి కిందికి చేతులు పోనిచ్చింది.

రెజీనాకు కోపం రావాలి. రాలేదు. నిజం చెప్పొద్దూ, సంతోషం వచ్చింది. పిండికి అవతల ఇంకో రెండు పిడికిళ్ళు తగిలి, అది బరువు తేలి, రెండు వైపులా సమంగా ఒంగేసరికి ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు ఒక మనిషి వచ్చింది. ఎందుకొచ్చిందో తర్వాత అడగవచ్చు.

ఇద్దరూ లాగారు. తొమ్మిదేళ్ళ వయసు నుంచి ఎరిగున్న చేతులు, వాటికి మాటలతో పనిలేదు. బల్లగుడ్డ మీది మొదటి పువ్వు మసగ్గా కనిపించింది.

"కొవ్వు ఏదే?" అంది మల్కా.

"అదిగో, ఆ సీసా. ఫాన్యా అక్క తెచ్చింది. మూతికి గుడ్డ కట్టి ముడి మీద ముడేసి మరీ తెచ్చింది. నీకు భయమక్కర్లేదు."

"నా భయం అది కాదు."

"మరేంటి?"

మల్కా కళ్ళు గోడకు వేలాడుతున్న ఎర్ర అంచు ఎనామిల్ గిన్నె మీద ఉన్నాయి. అత్తగారు బెస్సరేబియా నుంచి ఓడలో తెచ్చిన గిన్నె. మాంసం వంటల గిన్నె. నిరుడు అందులోనే వెన్న దొరికింది. పాలు తగిలిన మాంసం గిన్నె, అందులోనూ ఎనామిల్, ఇక శుద్ధి కాదు. వాడకూడదు, పారేయడానికి మనసు రాదు. గోడకు వేలాడదీసింది.

"ఇంకా ఉంచావా దాన్ని?" అంది మల్కా.

"నన్ను మాత్రం ఉంచలేదూ ఊళ్ళో? అలాగే."

"రెజీనా, నిరుడు ఈ టైముకే నువ్వు కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళావు. గుర్తుందా?"

"ఏమో."

"వెళ్ళావు. జలుబుతో ముక్కు చీదుకుంటూ వెళ్ళావు. నేను గిన్నెను పొయ్యి దగ్గరికి జరుపుదామనుకున్నా, కొవ్వు గడ్డకడుతోందని. చెయ్యి జారింది."

రెజీనా చేతులు ఆగలేదు. ఆగకూడదని వాటికి తెలుసు. కానీ ఆమెకు ఒక్కసారిగా నిరుటి నేల కళ్ళముందు కనిపించింది. కట్టెలు మోసుకుని లోపలికొస్తే నేలంతా తడి. మల్కా మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తుడుస్తోంది. నీళ్ళొలికాయే, జాగ్రత్త, జారతావు, అంది.

"నీళ్ళన్నావు," అంది రెజీనా.

"నీళ్ళు కాదు. మొత్తం కొవ్వు. ఒక్క చుక్క మిగల్లేదు. పొద్దు వాలుతోంది, మళ్ళీ కోడిని కోయించి, కొవ్వు తీసి, ఎప్పటికయ్యేను? ఫాన్యా అక్కనడిగితే ఊరంతా చెబుతుంది. ఆ రాత్రే కదా మా ఆయన్ని సంఘం పెద్దగా ఎన్నుకోవాల్సింది. పెద్దగారి పెళ్ళానికి గిన్నె పట్టుకోవడం చేతకాదంటారని... మా ఇంట్లోకి పరిగెత్తాను. వెన్న కనబడింది. కరగబెట్టి గిన్నెలో పోశాను. పసుప్పచ్చగా అదీ అలాగే ఉందే! నీ ముక్కు పనిచెయ్యడం లేదు. పొయ్యిలో పడితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను."

పిండి వణికింది. వణికింది ఇటువైపు.

"వదలకు!" అంది మల్కా కంగారుగా. "వదిలితే చిరుగుతుంది."

"నువ్వా నాకు చెప్పేది?" అంది రెజీనా.

వదలలేదు. వదిలి ఆ మనిషి చెంప పగలగొట్టాలని ఉంది, వదిలి పెరట్లోకి పోయి గట్టిగా ఏడవాలని ఉంది. రెండు చేతులూ ఆఖరి ముద్ద కింద ఉన్నాయి. అందుకే కాబోలు మల్కా ఈ సమయం చూసుకుని వచ్చింది.

ఏడాదిగా రెజీనా తన చేతులనే అనుమానించింది. అది ఎవరికీ చెప్పలేదు. కుడి అలమర మాంసానికి, ఎడమ అలమర పాలకు, ముప్ఫై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని తీసే చేతులు ఆ ఒక్కరోజు తప్పు అలమరలోకి పోయాయేమోనని, తనకే తెలియకుండా మతి తప్పుతోందేమోనని రాత్రుళ్ళు లేచి వెళ్ళి రెండు అలమరలూ తెరిచి చూసుకునేది. లైసర్ తాతను తనే చంపానని నమ్మింది. అంత్యక్రియల నాడు శ్మశానం గేటు బయట నిలబడి లోపలికి వెళ్ళకుండా వెనక్కొచ్చేసింది. అదంతా ఇప్పుడు ఒక్క చెయ్యి జారడంగా తేలింది, అదీ తన చెయ్యి కాదు.

"నిరుడు హాల్లో అందరూ నిన్నడిగారు," అంది రెజీనా. "నేను చెప్పాను, పొరలకు పూసింది మల్కా, దాన్ని అడగండి అన్నాను. నువ్వేమన్నావు?"

"రెజీనా..."

"ఏమన్నావో అను."

"నువ్విచ్చిన గిన్నెలోదే పూశాను, అందులో ఏముందో నాకేం తెలుసు అన్నాను."

"ఆ. అచ్చం అదే గొంతుతో అన్నావు."

ఇంకో రెండు పువ్వులు కనిపించాయి, తర్వాత కొమ్మ, తర్వాత బల్ల అంచు. పిండి పలచబడి గుడ్డ మీద పరుచుకుంది. ఇద్దరూ ఒకేసారి చేతులు తీశారు. అలవాటు అటువంటిది. ఇక చేతులు ఖాళీ. కొట్టవచ్చు. కానీ కొట్టాల్సిన నిమిషం దాటిపోయింది.

మల్కా తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "లైసర్ తాత పోయిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదే. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పాను. నన్ను క్షమించు. పది రోజుల్లో వచ్చే పెద్ద ఉపవాసం లోపల క్షమాపణ అడగకపోతే పైవాడు కూడా వినడు కదా."

"నాకు చెబితే ఎలా పోతుంది? నేను చేశానని నమ్మినవాళ్ళకు చెప్పు. ఈ రాత్రి హాల్లో చెప్పు."

"పిచ్చా నీకు?" మల్కా ముఖం తెల్లబోయింది. "ఫాన్యా అక్క నన్ను బతకనిస్తుందా? వాళ్ళ నాన్న ఎందుకు ఉపవాసాలు చేశాడు, ఎందుకు పోయాడు, అన్నీ నా నెత్తిన పడవూ? మా ఆయన పెద్దరికం ఏమవుతుంది? మా పెద్దదానికి సంబంధం కుదిరింది, వాళ్ళేమంటారు?"

"నా నెత్తిన పడితే నేను మొయ్యలేదా?"

"నీ సంగతి వేరు."

"ఎలా వేరు?"

"ఎలా అంటే..." మల్కా ఆగింది. ఆగి ఊరుకున్నా సరిపోయేది. కొందరికి నోరు తెరిచాక మూయడం చేతకాదు. "నాకు మొగుడున్నాడు, పిల్లలున్నారు, నలుగురిలో తిరగాలి. నువ్వు ఒక్కదానివి. మీ ఆయన మార్కోస్ పోయాడు, పిల్లా జెల్లా లేరు. నీకు పోవడానికి ఏముందే?"

అన్నమాట తనకే వినిపించి మల్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రెజీనా సీసా ముడులు విప్పింది. బాతు ఈకను కొవ్వులో ముంచి, పిండి మీద ఈ చివర నుంచి ఆ చివరకు తనే పూసింది. రొట్టెపొడి చల్లింది, పళ్ళ ముక్కలు పరిచింది, అక్రోటు పలుకులు, ఎండుద్రాక్ష, నారింజ తొక్క తురుము వేసింది. ఏడాదిగా ఉన్న గుండె బరువు తగ్గాల్సింది, తను చెయ్యలేదని తెలిసింది కదా. తగ్గలేదు. నీకు పోవడానికి ఏముంది అన్న మాట అక్కడొచ్చి కూర్చుంది. ఎందుకంటే అది ఊరందరి మాట. మల్కా ఒక్కతే పైకి అంది.

బల్లగుడ్డ అంచు ఎత్తి పిండిని చుట్టగా దొర్లించింది. చుట్ట దొర్లుకుంటూ పోయి రేకులో పడింది. అప్పుడు తలెత్తింది.

"ఒకసారి అడిగావు. నేను క్షమించనంటున్నాను. విన్నావా? చిన్నప్పుడు లైసర్ తాత మనిద్దర్నీ కూచోబెట్టి చెప్పాడు. మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ కాదంటే అడిగినవాడి పాపం పోతుంది, కాదన్నవాడికి చుట్టుకుంటుంది. కానీ రెండోసారికీ మూడోసారికీ ముగ్గురు సాక్షులుండాలి. ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చి అడుగు."

"అంత కఠినమైతే ఎలాగే?"

"ఉంగరం మర్చిపోతున్నావు," అంది రెజీనా. "కిటికీ మీదుంది."

*

హాలంతా కొవ్వొత్తుల వెలుగు. మగవాళ్ళు ప్రార్థన ముగించుకుని వచ్చి టోపీలు సర్దుకుంటూ కూర్చున్నారు. గుండ్రటి రొట్టెలు, పళ్ళేల్లో ఆపిల్ ముక్కలు, పక్కన తేనె. ఏడాదంతా తియ్యగా ఉండాలని ఒకరినొకరు దీవించుకుంటున్నారు. లైసర్ తాత కుర్చీని తీసేయడానికి ఎవరికీ మనసొప్పక అలాగే వదిలేశారు. దాని పక్కన ఫాన్యా, నల్లబట్టల్లో.

రెజీనాకు బల్ల చివర చోటు దొరికింది. ఇటు రెండు కుర్చీలు ఖాళీ, అటు రెండు ఖాళీ. ఎవరూ కావాలని చేసినట్టు కనబడదు. ఒకామె బిడ్డ కోసం అటు జరిగింది, ఒకాయన గాలి కోసం ఇటు జరిగాడు. వచ్చింది చారు, తర్వాత చేప, తర్వాత కోడి. రెజీనా తన పళ్ళెంలో ఏం పెట్టారో చూసుకోలేదు.

ఆఖర్న స్ట్రూడెల్ వచ్చింది. తనే ముక్కలు కోసి పెద్ద పళ్ళెంలో పేర్చింది. పైపొర కాగితంలా పొరలు పొరలుగా లేచింది, లోపలి పండు ఎర్రగా మెరిసింది. ఇరవై ఏళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఆ పళ్ళెం బల్ల మధ్యకు చేరింది, అక్కడ ఆగిపోయింది.

"ఇవాళ కడుపు నిండిపోయింది," అన్నారెవరో. "నాకు మొదట్నుంచీ తీపి పడదు," అన్నారింకెవరో. నిరుటి దాకా మూడేసి ముక్కలు తిన్న మనిషి ఆయన. అందరూ ఫాన్యా వైపు చూశారు. ఫాన్యా ఒక ముక్క తీసి తన పళ్ళెంలో పెట్టుకుంది. నాన్న మాట అంతవరకు నిలబెట్టింది. ఫోర్కు చేతిలో పట్టుకుంది కానీ ముక్కను తాకించలేదు. తండ్రి కుర్చీకేసి చూస్తూ కూర్చుంది.

రెజీనా ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆదివారం రైలు ఎన్నింటికో గుర్తు చేసుకుంది.

అప్పుడు మల్కా లేచింది. గుండెల మీద చెయ్యి వేసుకుంది. రెజీనా తలెత్తి చూసింది. చెప్తోంది. దేవుడా, చెప్తోంది.

మల్కా చెయ్యి చాచి ఒక ముక్క తీసుకుని, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది.

"పండుగ పూట మనసులో ఏదీ పెట్టుకోకూడదంటారు పెద్దలు," అంది. గొంతు పూడుకుపోయింది. అది నటన కూడా కాదు, అదే అసలు విచిత్రం. "నిరుడు ఏదో జరిగింది. ఎవరిదైనా చెయ్యి తప్పు చేస్తుంది. రెజీనా నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచి స్నేహితురాలు. నేనైతే దాన్ని మనసారా క్షమించాను. మీరందరూ కూడా క్షమించండి."

కుర్చీలు కదిలాయి. "మల్కాది ఎంత పెద్ద మనసు!" అంది ఒకామె కళ్ళు ఒత్తుకుంటూ. ఒక చెయ్యి పళ్ళెం మీదికి వచ్చింది, ఇంకో చెయ్యి, ఇంకో నాలుగు. తీపి పడనాయన రెండు ముక్కలు తీసుకున్నాడు. బిడ్డ కోసం అటు జరిగినామె బిడ్డతో సహా ఇటు జరిగి రెజీనా పక్క కుర్చీలో కూర్చుని, "అక్కా, ఈ పండు ఇలా ఎర్రబడాలంటే ఎంతసేపు ఉడకాలి?" అని అడిగింది. ఎవరో మాతే నింపి ఆమె చేతికిచ్చారు, ఆమె పీల్చాక ఇంకొకరు అందుకోవడానికి చెయ్యి చాచారు. మాతే బుర్ర చేతులు మారుతోంది. ఏడాదిగా ఆమె కోరుకున్నది ఇంతే.

అంతా తిరిగొచ్చింది. చెయ్యని తప్పుకు క్షమాభిక్షగా తిరిగొచ్చింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, రేపు గుమ్మం ముందు మనుషులుంటారు, వచ్చే ఏడు బల్లకు అటువైపు చేతులుంటాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎందుకొచ్చిన గొడవ? రెజీనా మాతే బుర్రను పక్కవాళ్ళకు అందించింది. నవ్వడానికి ప్రయత్నించింది కూడా. పెదవులు కదిలాయి.

మల్కా బల్ల చుట్టూ తిరిగి వచ్చింది, రెండు చేతులూ చాచి. నలుగురూ చూస్తూ మురిసిపోయారు. వంగి రెజీనాను కావలించుకుని, చెంపకు చెంప ఆనించి, ఎవరికీ వినబడకుండా చెవిలో అంది.

"నీక్కావలసింది ఇచ్చాను కదే. ఇప్పుడైనా క్షమించావా?"

అదీ రెండోసారి అడగడం. గుసగుసగా.

రెజీనా ఆ చేతులను మెల్లగా తన భుజాల మీంచి తీసింది. తీసి, వదిలెయ్యకుండా, మణికట్ల దగ్గర పట్టుకుంది. మధ్యాహ్నం పిండి కింద ఆగిన చేతులకు ఇప్పుడు ఆగాల్సిన పని లేదు.

"గట్టిగా అడుగు, మల్కా," అంది.

హాల్లో మాటలు తగ్గాయి. మల్కా ముఖంలో నవ్వు అలాగే ఉంది, రంగు మాత్రం దిగిపోయింది. "ఏంటే నువ్వు, అందరూ చూస్తున్నారు..."

"చూడాలి. ముగ్గురికి వినబడేలా అడగాలన్నాను కదా. ఇక్కడ నలభై మంది ఉన్నారు."

తినేవాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. మల్కా మొగుడు కుర్చీలోంచి సగం లేచి, ఏమనాలో తెలియక అలాగే ఉండిపోయాడు. బల్ల ఆ చివర ఫాన్యా తండ్రి కుర్చీ మీంచి చూపు తిప్పింది. ఇంతసేపూ ముట్టని ముక్క పక్కన ఫోర్కు దించి, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, లేచి నిలబడింది.

"రెజీనాను క్షమించానన్నావు కదా, మల్కా," అంది. "మరి నువ్వు దాన్ని అడగాల్సింది ఏమిటి?"